‘స్త్రీ’ ఎన్నక్షరాలు? – పెర్ల్ పనిముట్లలో తెలుగు లెక్క

బడిలో గుణింతాలు నేర్చిన పిల్లవాణ్ణి అడిగితే ‘స్త్రీ’ ఒకే అక్షరమంటాడు. గురులఘువులు గుర్తించే పద్యకవికీ అది ఒకటే. పాఠాన్ని సవరించి పేర్చడంలో పేరుపొందిన పెర్ల్ భాష మాత్రం ఈ ఒక్క మాటకు వేరువేరు కాలాల్లో వేరువేరు లెక్కలు చెప్పింది.

పెర్ల్‌ను లారీ వాల్ 1987 డిసెంబరులో విడుదల చేశాడు. ఆయన భాషాశాస్త్రం చదివినవాడు. ఫైళ్ళలో నుంచి కావలసిన సమాచారాన్ని ఏరి నివేదికగా పేర్చడం ఆ భాష తొలి ఉద్దేశం. 1994లో అయిదవ పెర్ల్ వచ్చాక, ఒకరు రాసిన పనిముట్టును మరొకరు వాడుకొనే మాడ్యూళ్ళ పద్ధతి స్థిరపడింది. 1995లో వాటికి సీపాన్ అనే ఉమ్మడి భాండాగారం ఏర్పడింది.

ఆ మాడ్యూళ్ళలో ‘టెక్స్ట్-ర్యాప్’ చిన్నదే కాని చాలామందికి అక్కరకు వచ్చింది. పొడవైన పేరాను కోరిన వెడల్పుకు పంక్తులుగా విరవడం దాని పని. మనం వేరే చెప్పకపోతే వెడల్పు 76 అనుకుంటుంది. సాధారణంగా మాట మధ్యలో విరవదు. అయితే మాటే పంక్తికన్నా పొడవైతే లోపలే కోస్తుంది. ఇంగ్లీషులో అటువంటి మాటలు అరుదు. నిఘంటువు వంటి సన్నని కాలమ్‌లలో తెలుగు సమాసాలు కూర్చేవారికి అది అరుదేమీ కాదు.

1990లలో ఈ చిక్కు పైకి కనబడలేదు. ఇంటర్నెట్‌లో తెలుగును అప్పట్లో ఎక్కువగా రోమన్ లిపిలో, ఆర్.టి.ఎస్. అనే పద్ధతిలో రాసేవారు. అందులో ‘స్త్రీ’ని నాలుగు రోమన్ అక్షరాలతో రాయవచ్చు. ఒక్కొక్కటి ఒక్క బైటు. లెక్క సరిపోయేది.

యూనికోడ్ 1991 నాటి మొదటి కూర్పులోనే తెలుగుకు చోటిచ్చింది. పెర్ల్‌లో దానికి నిలకడైన ఆధారం 2002లో 5.8 కూర్పుతో వచ్చింది. ‘స్త్రీ’లో స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘపు గుడి కలిసి ఆరు సంకేతాలు, యూటీఎఫ్-8లో ఒక్కొక్కటి మూడు బైట్లు. బైట్లుగా చదివితే పెర్ల్ 18 అంటుంది, సంకేతాలుగా చదివితే 6 అంటుంది. రెండూ తప్పు కావు, కాని పంక్తి విరవడానికి రెండూ పనికిరావు.

మూల సంకేతాన్ని దాని వెంట వచ్చే గుర్తులతో కలిపి ఒకటిగా పట్టే ‘బ్యాక్‌స్లాష్ ఎక్స్’ 2000లోనే, 5.6 కూర్పులో వచ్చింది. టెక్స్ట్-ర్యాప్ కూడా తరువాత దాన్నే ఆశ్రయించింది. ఫ్రెంచివారి నెత్తిగుర్తులకు అది చక్కగా అమరింది. మనకు సగం మేలే చేసింది. ‘కీ’ ఒకటయింది గాని ‘స్త్రీ’ స్, త్, రీ అని మూడయింది. కోత అక్కడ పడితే ఒక పంక్తి చివర ‘స్’ మిగిలి, కింది పంక్తి ‘త్రీ’తో మొదలవుతుంది. ఒత్తును అక్షరంలో భాగంగా చూడని లెక్క ఇది.

పొల్లుతో కలిసిన హల్లులను విడదీయరాదన్న నియమం 2023లో యూనికోడ్ 15.1తో వచ్చింది. తెలుగు, దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, ఒడియా, మలయాళ లిపులకు అది వర్తించింది. అప్పటికి ‘స్త్రీ’ ఒకటయింది. పాత పెర్ల్‌లకు ఈ నియమం తెలియదు. వాటితో పని చేసేవారు ‘హల్లు, దాని వెంట పొల్లూ హల్లూ ఎన్నిసార్లయినా, ఆపైన గుణింతపు గుర్తు’ అని స్వయంగా ఒక నమూనా రాసుకోవాలి. ఒక్క పంక్తి పని.

2023 నాటి ఆ జాబితాలో కన్నడం లేదు. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ కన్నడ లిపిలో చదివే కర్ణాటక కుటుంబాలకు ఇది పట్టవలసిన సంగతి. ఇస్కీ ఒరవడిలో తెలుగు, కన్నడ పట్టికలు సమాంతరంగా అమరాయి. తెలుగు సంకేతానికి 128 కలిపితే దాదాపు ప్రతిచోటా అదే కన్నడ అక్షరం వస్తుంది. పెర్ల్‌లో ‘టీఆర్’ అనే ఆజ్ఞతో పుస్తకమంతా మార్చవచ్చు. తమిళంలోకి ఇంత సులువు కాదు. క, ఖ, గ, ఘలకు అక్కడ ఒకటే అక్షరం. ఒకసారి కలిసిపోతే వెనక్కి రావు. కన్నడంలో ఆ నష్టం లేదు గాని, మార్చిన పాఠంలో ‘స్త్రీ’ మళ్ళీ మూడు ముక్కలవుతుంది. అందువల్ల ముందు తెలుగులోనే పంక్తులు విరిచి, లిపి ఆ తరువాత మార్చుకోవడం మేలు.