ఆటిజము గల బడియీడు పిల్లల భయము – చికిత్సా చరిత్ర

ఆటిజము గల బిడ్డ బడిత్రోవ మారినంతనే ఏడ్చుటయు, గంట మ్రోగగనే చెవులు మూసికొనుటయు మొండితనమని పలువురు తలంతురు. అందు పెక్కు పట్టుల నున్నది భయమని వైద్యచరిత్ర తెలుపుచున్నది.

1943లో అమెరికాయందలి బాల్టిమోరు వైద్యుడు లియో కానరు 11 మంది పిల్లలను గూర్చి ప్రకటించిన వ్యాసము ఈ చరిత్రలో ముఖ్యమైనది. నీటిధార, లిఫ్టు, తుదకు గాలి సైతము వారిని హడలగొట్టుచుండెనని ఆయన వ్రాసెను. పరిసరములు మారరాదను వారి పట్టుదలలో ఆందోళన యున్నదనియు గుర్తించెను. అయినను ఆ భయమునకు వేరుగా చికిత్స చేయవలెనను తలంపు చిరకాలము బలపడలేదు. పైగా తల్లుల ప్రేమలేమియే ఆటిజమునకు కారణమను అపవాదు వ్యాపించెను. 1964లో బెర్నార్డ్ రిమ్లాండు దానిని ఖండించి, మూలము శరీరమందే యున్నదని వాదించెను.

భయమును బాపు ఉపాయము వేఱొక త్రోవన రూపొందుచుండెను. 1924లో మేరీ కవర్ జోన్సు, కుందేలునకు జడియు పసివానికి ఇష్టమైన తినుబండారము పెట్టుచు, కుందేలును కొంచెము కొంచెముగా చేరువకు తెచ్చి భయము పోగొట్టెను. 1958లో జోసెఫ్ వోల్పే ఇట్టి క్రమపద్ధతిని గ్రంథరూపమున వివరించెను. పిదప భయపు ఆలోచనలను పరిశీలించి దిద్దుకొను పద్ధతియు దీనికి తోడయ్యెను.

2009లో జెఫ్రీ వుడ్డు మున్నగువారు ఈ చికిత్సను ఆటిజము గల పిల్లలకు అనువుగా మార్చి పరీక్షించిన ఫలితములను ప్రకటించిరి. 2020లో వెలువడిన పరిశోధనలో 7 మొదలు 13 ఏండ్ల వారు 167 మంది చేరిరి. ఆందోళనను తగ్గించుటలో, వారికై మలచిన చికిత్స సామాన్య పద్ధతికంటె మిన్నయని తేలెను. ఇది మేధోవైకల్యము లేని పిల్లలపై జరిగినది; కావున అందఱికి ఒక్కతీరున వర్తింపదు.

ఇట్టి మార్పులలో బొమ్మలతో బోధించుట, బిడ్డకు ప్రీతియైన విషయమును ఆధారము చేసికొనుట, తల్లిదండ్రులను తోడు చేసికొనుట ముఖ్యములు. గంటకు జడియు బిడ్డకు ఆ ధ్వనిని మొదట దూరమునుండి, మెల్లగా వినిపింతురు, బలవంతము చేయరు. ధ్వనియే బాధించుచున్నచో దానిని తగ్గించుటయు అవసరమే.

ఇంట తెలుగును, బడిలో కన్నడమో తమిళమో ఒడియాయో మరాఠీయో పలుకు మన కుటుంబములకు ఇందొక విశేషమున్నది. బిడ్డ తన భయమునకు పేరు పెట్టగలుగుట ఈ చికిత్సకు తొలిమెట్టు. ఆ పేరు తల్లినుడిలోనే దొరకవచ్చును. రెండు భాషలు వినుటచే ఆటిజము గల పిల్లల భాషాభివృద్ధి మఱింత కుంటుపడునని పరిశోధనలలో తేలలేదు. కావున చికిత్సకై ఇంటి తెలుగును విడువ నక్కఱలేదు. బిడ్డ భయమును తెలుపుటకు వాడు తెలుగు మాటలను ఉపాధ్యాయునకును, చికిత్సకునకును వ్రాసి యిచ్చుట మేలు.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ఆటిజమును గుర్తించినది. బిడ్డ భయమును మనము గుర్తించుట ఇంటనే మొదలు కావలెను.