షార్కుటరీ పలక మీద ఉప్పు కథ

ఏప్రిల్ వచ్చిందంటే చాలు, అమెరికాలో మనవాళ్ళ పార్టీల్లో కూడా ఒక చెక్క పలక ప్రత్యక్షమవుతోంది. దాని మీద పల్చగా కోసిన హామ్, సలామీ, నాలుగు రకాల చీజ్, ముల్లంగి ముక్కలు, ద్రాక్షపళ్ళు. శాకాహారులం ద్రాక్షపళ్ళ వైపు జరుగుతాం, అది వేరే సంగతి :) దీన్నే షార్కుటరీ బోర్డు అంటారు. 2010ల నుంచి ఇన్‌స్టాగ్రామ్ పుణ్యమా అని దీని హడావిడి మరీ ఎక్కువైంది. చూడ్డానికి దొరల తిండిలా ఉంటుంది గానీ, దీని చరిత్ర తిరగేస్తే కనబడేది విలాసం కాదు, ఉప్పూ ఆకలీ.

షార్కుటరీ అన్న ఫ్రెంచి మాట "వండిన మాంసం" అనే అర్థంలోంచి పుట్టింది. వండిన పంది మాంసం అమ్మేవాళ్ళకి 1476లో పారిస్‌లో విడిగా ఒక వృత్తి సంఘం ఏర్పడింది. తమాషా ఏమిటంటే, పచ్చి మాంసం మాత్రం వాళ్ళు కసాయివాళ్ళ దగ్గరే కొనాలి. నేరుగా కొనుక్కునే హక్కు 1513లో 12వ లూయీ ఇచ్చాడు. ఈస్టరుకి ముందు 40 రోజులు మాంసం నిషిద్ధం కదా, ఆ రోజుల్లో వీళ్ళు ఉప్పు చేపలు అమ్ముకుని బతికేవాళ్ళు.

ఇంతకీ దీనికీ వసంతానికీ సంబంధం ఏమిటి? యూరప్ పల్లెల్లో చలికాలం మొదట్లో పందిని కోసేవాళ్ళు. ఆ కాలంలో మేత కరువు, పైగా చలికి మాంసం తొందరగా పాడవదు. కొంత తాజాగా తినేసి, మిగతాది ఉప్పులో పెట్టేవాళ్ళు. ఉప్పు మాంసంలోని నీటిని లాగేస్తుంది, నీరు లేకపోతే సూక్ష్మజీవులు బతకలేవు. మన ఆవకాయ నిలవుండటంలోనూ ఉప్పు చేసే పని ఇదే. ఉపవాసాలు అయ్యాక ఈస్టరు నాడు ఆ దాచిన మాంసం బయటికొచ్చేది. ఫ్రాన్సులోని బయోన్‌లో ఈస్టరు రోజుల్లో జరిగే హామ్ సంత 1462 నుంచీ ఉంది. ఇప్పటి నియమం ప్రకారం బయోన్ హామ్‌ని కనీసం 7 నెలలు మాగబెట్టాలి. అంటే ఈస్టరుకి అక్కడ కోసే తొడ కిందటేడు పందిదన్నమాట!

సరే, అంత ఉప్పు ఎక్కణ్ణుంచి వస్తుంది? అసలు కథ ఇక్కడే ఉంది. ఫ్రాన్సులో గాబెల్ అని ఉప్పు పన్ను ఉండేది. పన్ను ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో 8 ఏళ్ళు దాటిన ప్రతి మనిషి లెక్కనా ఏటా ఇంత ఉప్పు కొని తీరాలి. పోనీ ఆ ఉప్పుతో పంది మాంసం నిలవ చేసుకుందామా అంటే కుదరదు. 1680 నాటి చట్టం ప్రకారం అది కూరలోకీ, భోజనాల బల్ల మీదకీ మాత్రమే. మాంసానికి మళ్ళీ వేరే ఉప్పు కొనాలి, వేరే పన్ను కట్టాలి. పన్ను లేని బ్రిటనీ నుంచి దొంగచాటుగా ఉప్పు తెచ్చి దొరికిపోయినవాళ్ళని ఓడల్లో తెడ్లు వెయ్యడానికి పంపిన సందర్భాలున్నాయి. విప్లవం వచ్చాక 1790లో ఆ పన్ను రద్దయింది, 1806లో నెపోలియన్ మళ్ళీ తెచ్చాడు. 1930లో దండికి నడిచిన దేశం వాళ్ళం, ఉప్పు మీద పన్ను అంటే ఏమిటో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇప్పుడు ఫ్రిజ్ ఉంది, ఏ నెలలోనైనా ఏదైనా దొరుకుతుంది. అయినా వసంతం పేరుతో పలక సర్దాలనుకుంటే నా సలహా ఒకటే. నిండా కుక్కకండి. బాగా మాగిన హామ్ ఒక్క రకం చాలు. పక్కన వెన్న, కొత్త ముల్లంగి, తాజా మేక పాల చీజ్. మేకలు ఈనేది చలికాలం చివర్లో, అందుకే వసంతంలో ఆ పాలు సమృద్ధి. శాకాహారులకి పలక వేరేగా పెట్టండి, కత్తి కూడా వేరేగా.

అలా సర్దితే పలక మీద నిరుటి పొదుపూ, ఈ ఏటి పచ్చదనమూ పక్కపక్కనే ఉంటాయి. పదహారు రకాలు పేర్చి ఫొటో తీసి, సగం చెత్తబుట్టలో వేస్తే మాత్రం, గుప్పెడు ఉప్పు కోసం ఓడల్లో తెడ్లు వేసినవాళ్ళని వెక్కిరించినట్టే.