కదిలిన చుక్క

ఆలంగాయం బస్టాండులో దిగేసరికి శుక్రవారం మధ్యాహ్నం మూడున్నర. వాణియంబాడి నుంచి వచ్చిన బస్సు ఇంకా పొగ వదులుతూనే ఉంది. కొట్ల రేకుల పైన జవ్వాది కొండలు, ఫిబ్రవరి ఎండకు పచ్చదనం వడిలి బూడిదరంగుకు తిరుగుతున్నాయి. నా ముందు దిగినామె చంకలో పిల్లాడు, చేతిలో అరటి గెల. కండక్టరు తమిళంలో కేకలేస్తున్నాడు. టీ కొట్టు దగ్గర ఎవరో ఎవరినో "రేయ్, ఇట్ల రారా" అని తెలుగులో పిలిచారు. వేలూరు, గుడియాత్తం పక్క ఊళ్లలో ఇది ఎన్నో ఇళ్ల కథ: వీధిలో తమిళం, గడప దాటి లోపలికి పోతే తెలుగు.

కెమెరా తీశాను. పది నిమిషాల్లో నలభై ఫొటోలు. బస్సు, గెల, పిల్లాడి కళ్లు, టీ పోసేవాడి మోచెయ్యి, కొండ. ఏది తీసి చూసినా బాగానే ఉంది. వరసగా చూస్తే మాత్రం నలభై మంది ఒకే గదిలో కూర్చుని ఒకరితో ఒకరు మాట్లాడుకోనట్టుంది. ఎందుకో అప్పుడు అర్థం కాలేదు. గంట తరువాత మా మిత్రుడి అవ్వ చెప్పింది.

వాళ్ల ఇల్లు ఊరి చివర. వాకిట్లోకి అడుగు పెట్టకముందే పులుపు వాసన. వేపచెట్టు నీడలో గోనెపట్టా పరిచి, దాని మీద పెంకు వొలిచిన చింతపండు మోకాలెత్తు కుప్ప. అవ్వ కాళ్లు చాపుకొని కూర్చుంది. ఎడమ చేత్తో ఒక పండు రాతి మీద పెట్టి, కుడి చేత్తో చిన్న సుత్తితో ఒక్క దెబ్బ. పండు నోరు తెరుస్తుంది. బొటనవేలితో పిక్కను పక్కకు చిమ్మి, పీచు లాగేసి, పండును కుండలో వేస్తుంది. మళ్లీ ఇంకోటి. టక్, చిటుక్, టక్. చూస్తూ ఉంటే ఆ చప్పుడుకు మన ఊపిరి కూడా కుదురుకుంటుంది.

నేను గొంతుక్కూర్చుని ఆ చేతుల్ని తీశాను. గోళ్ల సందుల్లో గోధుమరంగు గుజ్జు, మణికట్టు మీద పాత పచ్చబొట్టు, ఆకుల సందుల్లోంచి పడిన ఎండ. మంచి ఫొటో. అవ్వకు చూపించాను. కళ్లజోడు పెట్టుకోకుండానే చూసింది.

"చెయ్యి బాగానే ఉండాది నాయనా. ఇది పని చేస్తా ఉండాదని చూసినోళ్లకు ఎట్ల తెలుస్తాది? ఊరికే పెట్టుకోనుండినట్టుండాది."

నిజం. ఆ ఫొటోలో సుత్తి లేచిందో దిగిందో తెలియదు. కుప్ప పెద్దదో చిన్నదో తెలియదు. ఆమె ఇప్పుడే మొదలుపెట్టిందో, పొద్దుటినుంచీ నడుం వంచి ఉందో తెలియదు. అందమైన చెయ్యి, అంతే.

మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాను. వాకిలి దాకా వెనక్కి జరిగి ఒకటి: ఇంత కుప్ప, పక్కన దాదాపు ఖాళీ కుండ, మధ్యన అవ్వ. దగ్గరికొచ్చి, లేచిన సుత్తి ఒకటి. నోరు తెరిచిన పండు ఒకటి. ఎగిరి మట్టిలో పడబోతున్న పిక్క కోసం పదహారుసార్లు నొక్కితే ఒక్కటి దొరికింది. "ఇంకోసారి కొట్టు అవ్వా" అని మాత్రం అడగలేదు. అడిగితే ఆ క్షణం నుంచి ఆమె నాకోసం కొడుతుంది, చింతపండు కోసం కాదు. ఆ తేడా ఫొటోలో పట్టుబడిపోతుంది. కాచుకోవడం తప్ప మార్గం లేదు. పొద్దు గూకేముందు, మళ్లీ వాకిలి దగ్గర, మొదట నిలబడిన చోటే నిలబడి ఇంకొకటి తీశాను. కుప్ప చీలమండల దాకా దిగింది. కుండ గొంతు దాకా నిండింది. అవ్వ వీపు మొదటి ఫొటోలో కన్నా వంగి ఉంది.

మొదటిదాన్నీ చివరిదాన్నీ పక్కపక్కన పెట్టి చూశాను. మధ్యాహ్నమంతా ఆ రెంటి నడుమ ఉంది. ఏ ఫొటోలోనూ లేదు, నడుమ ఉంది.

ఇట్లా ఫొటోల వరస కట్టే పనిలో పెద్ద పేరు ఫొటోగ్రాఫర్ యూజీన్ స్మిత్‌ది. 1948లో 'లైఫ్' పత్రిక కోసం అమెరికాలో క్రెమ్లింగ్ అనే కొండ ఊరికి పోయి, అక్కడి ఒకే ఒక్క డాక్టరు వెంట 23 రోజులు తిరిగాడు. ఫొటోలతో కథ చెప్పడం నేర్చుకునేవాళ్లు ఇవాళ్టికీ ఆ 'కంట్రీ డాక్టర్'ను ముందు పెట్టుకుంటారు. అందులో ఉన్న ఫొటోల కన్నా ఆ 23 రోజులే నాకు ఎక్కువ విలువైనవిగా తోస్తాయి. మనిషి ముఖం మారేదాకా పక్కన ఉండటం ఎంత కష్టమో ఒక్క మధ్యాహ్నం చింతపండు దగ్గర కూర్చుంటేనే నడుముకు తెలిసింది.

రాత్రి ఎనిమిదికి మిద్దె ఎక్కాను. నెత్తిమీద గురుగ్రహం, దీపం పెట్టినట్టు. స్టాండు మీద కెమెరా పెట్టి, లెన్సు పూర్తిగా ముందుకు లాగి, అర సెకను. తెరమీద పెద్దది చేసి చూస్తే తెల్లటి బొట్టు, దాని పక్కన చిన్న చిన్న చుక్కలు: ఒక వైపు మూడు, ఇంకో వైపు ఒకటి. గురుడి చందమామలు. 1610 జనవరిలో గెలీలియో ఇవే చుక్కల్ని రాత్రి తరువాత రాత్రి కాగితం మీద గీసుకున్నాడు. ఏడో తేదీన మూడు కనిపించాయి, రెండు ఒక పక్క, ఒకటి ఇంకో పక్క. ఎనిమిదిన మూడూ ఒకే పక్కన. ఆ రెండో బొమ్మ లేకపోతే మొదటి బొమ్మలో ఉన్నవి ఉత్త నక్షత్రాలే.

శనివారం సాయంత్రం మిత్రుడి బండి మీద కావలూరుకు. ఊరు దాటగానే రోడ్డు కొండల్లోకి తిరిగింది. కొబ్బరి తోటలు వెనక్కి పోయాయి, అడవి వాసన మొదలైంది. ఎండుటాకులు, దుమ్ము, ఎక్కడో వంటచెరకు పొగ. ఒక మలుపులో చెవులు మూసుకుపోయి, తరువాతి మలుపులో తెరుచుకున్నాయి. చెట్ల పైన తెల్లటి గోపురం తేలింది. వేణు బప్పు వేధశాల, సముద్రమట్టానికి 725 మీటర్ల ఎత్తు.

తెలుగువాళ్లు ఈ గోపురాన్ని కొంచెం తమదిగా చూసుకోవచ్చు. దీనికి పేరిచ్చిన ఖగోళ శాస్త్రవేత్త బప్పు కుటుంబం మలయాళీలే గాని, ఆయన తండ్రి పనిచేసింది హైదరాబాదులోని నిజామియా వేధశాలలో. పిల్లాడు ఆ బేగంపేట టెలిస్కోపుల నీడలోనే పెరిగాడు, నిజాం కాలేజీలో చదివాడు. ఆ వేధశాల అప్పటికే ఫొటోలతో ఒక మహాకార్యం చేస్తూ ఉండింది. ఆకాశం మొత్తాన్నీ గాజు పలకల మీద ఫొటోలుగా తీసి పెట్టాలని 1887లో పారిస్‌లో తీర్మానించి దేశదేశాల వేధశాలలు పంచుకున్న పనిలో, దక్షిణాకాశంలో ఒక పట్టీ హైదరాబాదు వంతుకు వచ్చింది. అక్కడ పెరిగిన బప్పు 1949లో హార్వర్డుకు పోయాడు. ఆ జూలై 2న ఆకాశాన్ని తీసిన పలకలో, ఉండకూడని చోట ఒక మసక గుర్తు చూశాడు. తోకచుక్క. బార్ట్ బోక్, గోర్డన్ న్యూకర్క్‌ల పేర్లతో కలిసి దానికి ఆయన పేరు నిలిచింది.

ఆ మనిషే తిరిగొచ్చి, దక్షిణాదిలో మబ్బు తక్కువ, చీకటి ఎక్కువ ఉన్న చోటు వెతుక్కుంటూ ఈ అడవికి వచ్చాడు. 1968 నాటికి ఇక్కడ 38 సెంటీమీటర్ల టెలిస్కోపు పనిచేస్తోంది. 1972లో మీటరు టెలిస్కోపు వచ్చింది. ఆ ఏడాది జూన్‌లోనే దాంతో గురుడి చందమామ గనీమీడ్ ఒక నక్షత్రాన్ని కప్పడం చూసి, దాని చుట్టూ పలచని వాతావరణం ఉన్న జాడ పట్టారు. 1977 మార్చి 10న యురేనస్ వలయాలు బయటపడిన రాత్రి కూడా ఇక్కడ కళ్లు తెరుచుకునే ఉన్నారు. బప్పు కలగన్న 2.34 మీటర్ల పెద్ద టెలిస్కోపును 1986 జనవరిలో రాజీవ్ గాంధీ ప్రారంభించేనాటికి ఆయన లేడు. 1982లో, 55 ఏళ్లకే, మ్యూనిక్‌లో పోయాడు.

కాని నేను ఈ కొండెక్కింది పెద్ద టెలిస్కోపు కోసం కాదు. ఇక్కడి 45 సెంటీమీటర్ల ష్మిట్ టెలిస్కోపు కోసం. ఆర్. రాజమోహన్ బృందం దానితో ఆకాశంలో ఒకే ముక్కను కొంత వ్యవధి ఇచ్చి మళ్లీ మళ్లీ ఫొటో తీసేది. ఆ ఫొటోల్ని పోల్చి చూస్తారు. వేల చుక్కలు ఉన్నచోటే ఉంటాయి, అవి నక్షత్రాలు. ఏదో ఒక్కటి వెంట్రుకవాసి జరిగి ఉంటుంది. 1988 ఫిబ్రవరి 17న అట్లా జరిగిన చుక్క ఒకటి దొరికింది. ఒక చిన్న గ్రహం. ఇప్పుడు 4130 రామానుజన్. పంతొమ్మిదో శతాబ్దంలో మద్రాసు వేధశాల నుంచి పోగ్సన్ కనుగొన్న చిన్న గ్రహాల తరువాత, మన దేశం నుంచి అట్లాంటిది దొరకడానికి వందేళ్లు దాటింది.

చీకట్లో, సందర్శకుల వరసలో నిలబడి ఇదే తలపోస్తున్నాను. ముందు ఒక చిన్న పాప నాన్న భుజమెక్కి చిన్న టెలిస్కోపులోకి తొంగిచూసి గట్టిగా ఊపిరి పీల్చింది. ఆ దృశ్యాన్ని ఫొటో తీయలేదు. కెమెరా సంచిలోనే ఉంది. చలి మెడమీద పాకుతోంది, చుట్టూ కీచురాళ్లు. నిన్న మధ్యాహ్నం నా నలభై ఫొటోలు మూగగా ఎందుకు ఉన్నాయో ఈ వరసలో పూర్తిగా తేటపడింది. నేను నలభై వేరువేరు ఆకాశాల్ని తీశాను. ఒకే ఆకాశాన్ని రెండుసార్లు తీయలేదు.

వరస ఫొటోల పుట్టుకలో మన గుంటూరుకూ ఒక దారం ఉంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. ఐదు నిమిషాలు దాటి పట్టపగలు రాత్రైంది. ఫ్రాన్సు నుంచి వచ్చిన ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరులోనే ఉన్నాడు. గ్రహణంలో సూర్యుడి అంచున కనిపించిన జ్వాలల వెలుగును, గ్రహణం లేని మరునాడు కూడా చూడవచ్చని అక్కడే కనిపెట్టాడు. ఆ ఊళ్లోనే మేజర్ టెనెంట్ బృందం గ్రహణాన్ని ఫొటోలు తీసింది. ఆరేళ్ల తరువాత, 1874లో, శుక్రుడు సూర్యబింబం మీదుగా పోయే ముహూర్తం కోసం జాన్సెన్ తిరిగే పలక ఉన్న కెమెరా ఒకటి చేయించాడు. నిమిషం పైచిలుకులో 48 బొమ్మలు తీస్తుంది. సినిమా పూర్వీకుల్లో దాన్నొకటిగా లెక్కపెడతారు. శుక్రుడు అంచును తాకే ఆ ఒక్క క్షణం ఏ ఒక్క ఫొటోకూ చిక్కదని ఆయనకు తెలుసు, అందుకే వరస.

ఎనిమిది కొట్టేసరికి బయటకొచ్చి, రోడ్డు పక్కన బండి ఆపిన చోట స్టాండు నిలబెట్టాను. నిన్నటి లెన్సు, నిన్నటి అర సెకను, నిన్నటి వేళ. చేతులు వణకకుండా రెండు నిమిషాలు ఆగి నొక్కాను.

ఆదివారం పొద్దున అవ్వ వాకిట్లో ఉంది. కుప్ప లేదు. జాడీలో చింతపండు అదుముతోంది, ఒక వరస పండు, ఒక పిడికెడు కల్లుప్పు. కెమెరా ఆమె ముందు పెట్టి మొన్నటి ఫొటోలు వరసగా తిప్పాను. కుప్ప, సుత్తి, పండు, పిక్క, కుండ. ఆమె ఏమీ అనలేదు. చివరిదాని దగ్గర తన వీపు చూసుకుని, వెనక్కి చెయ్యి పెట్టి నడుము తడుముకుంది.

తరువాత గురుడి ఫొటోలు రెండూ పెట్టాను. ఏమిటని చెప్పలేదు. మొన్నది, నిన్నది, మొన్నది, నిన్నది.

పిక్కను వెతికే కళ్లవి. చింతపండు అంటిన వేలు తెరకు తాకకుండా గాలిలోనే ఆపి చూపించింది.

"మొన్న ఈ పక్కన మూడుండె. రెండేనే ఇప్పుడు. ఇంకోటి ఆ తట్టుకు పోయింది చూడు."