ఆరాధనలో రంగులు: దుమ్ముగూడెం నుంచి డోర్నకల్ వరకు

క్రైస్తవ ఆరాధనా సంవత్సరాన్ని అనుసరించే సంఘాల్లో బలిపీఠంపై పరిచే వస్త్రం, గురువు మెడలో వేసుకునే స్టోల్ కాలాన్ని బట్టి రంగు మారుతుంటాయి. క్రిస్మస్, ఈస్టర్‌లకు తెలుపు. వాటికి ముందు వచ్చే ఆగమన కాలానికి, శ్రమదినాలకు ఊదా. పెంతెకొస్తుకు, హతసాక్షుల స్మరణ దినాలకు ఎరుపు. మిగిలిన కాలానికి ఆకుపచ్చ వాడతారు. తెలుపు ఆనందానికి, ఊదా పశ్చాత్తాపానికి, ఎరుపు ఆత్మాగ్నికి, రక్తానికి, ఆకుపచ్చ ఎదుగుదలకు గుర్తులు.

అయితే బైబిలు ఈ క్రమాన్ని విధించలేదు. ఇది చరిత్రలో క్రమంగా ఏర్పడింది. తరువాత మూడవ ఇన్నోసెంట్ పోప్ అయిన లొతారియో 12వ శతాబ్దం చివర తన గ్రంథంలో ఈ రంగుల వాడకాన్ని వివరించాడు. 1570 నాటి రోమన్ పూజా గ్రంథం దానిని స్థిరపరిచింది. సంస్కరణోద్యమం తరువాత అనేక ప్రొటెస్టెంట్ సంఘాలు దీన్ని వదిలివేశాయి. 19వ శతాబ్దంలో ఇంగ్లండులో రంగుల వస్త్రాలను తిరిగి ప్రవేశపెట్టినప్పుడు పెద్ద వివాదం చెలరేగింది. అటువంటి ఆచారాలను అదుపు చేయడానికి 1874లో పార్లమెంటు చట్టం చేసింది.

ఈ నేపథ్యంలో భద్రాచలం అటవీ ప్రాంతాన్ని పరిశీలించండి. గోదావరి నౌకాయాన పనుల్లో ఉన్న ఇంజనీరు హేగ్ చొరవతో 1860లో దుమ్ముగూడెంలో కోయల మధ్య చర్చి మిషనరీ సొసైటీ సేవ మొదలైంది. ఆ సొసైటీ రంగుల వస్త్రాలను రోమన్ ఆచారంగా భావించే వర్గానికి చెందినది. అందువల్ల ఇక్కడి తొలి ఆరాధనలో వాక్యానికి, ప్రార్థనకు ఉన్న ప్రాధాన్యం రంగులకు లేదు. ఇది పేదరికం వల్లనో, తెలియకపోవడం వల్లనో ఏర్పడిన లోటు కాదు. ఒక వివాదంలో తీసుకున్న పక్షం.

1912లో డోర్నకల్ అధ్యక్ష మండలం ఏర్పడి, వి.ఎస్. అజరయ్య తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్ అయ్యారు. అక్కడి కెథడ్రల్ 1939 జనవరి 6న, ఎపిఫనీ పండుగ నాడు ప్రతిష్ఠితమైంది. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు రంగులు పాటించినవారు, పాటించనివారు ఒకే సంఘంలో చేరారు. నేడు ఆ సంఘపు పంచాంగం ఆదివారాలకు రంగులు సూచిస్తుంది. 1988లో ఏర్పడిన ఖమ్మం కతోలిక మేత్రాసనంలో రోమన్ క్రమం అమలులో ఉంది. బాప్టిస్టు, పెంతెకొస్తు సంఘాలలో ఎక్కువ భాగం రంగులు పాటించవు.

స్థానిక సంస్కృతి మరో అర్థాన్ని జోడిస్తుంది. తెలుగునాట తెల్లచీర వైధవ్యానికి గుర్తుగా ఉండేది. క్రైస్తవ వధువు మాత్రం తెల్లచీరతోనే పెళ్ళికి వస్తుంది. కనుక రంగుకు స్థిరమైన అర్థం లేదు. దానిని ఏ సంఘం, ఏ కాలంలో, ఏ సందర్భంలో వాడిందన్నదే అర్థాన్ని నిర్ణయిస్తుంది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి: దుమ్ముగూడెం తొలి ఆరాధనలో రంగులకు ప్రాధాన్యం లేకపోవడానికి చారిత్రక కారణాలను వివరించండి.