వడ్డన గరిటె – మన ఊరి నుంచి షెఫీల్డ్ దాకా

"వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిని కూర్చున్నా ఫరవాలేదు" అన్నారు మన పెద్దలు. ఈ సామెతను ఇప్పుడు ఉద్యోగాలకూ రాజకీయాలకూ అన్వయించుకుని నవ్వుకుంటున్నాం గానీ, అది పుట్టింది మాత్రం విస్తరి ముందే. మన భోజనంలో వండటం ఎంత ముఖ్యమో వడ్డించడమూ అంతే ముఖ్యం. అయితే వడ్డించే చేతిని తలచుకున్నంతగా ఆ చేతిలోని గరిటెను మనం తలచుకోం. ఈ ఉగాది సంచికలో ఆ గరిటె గురించి నాలుగు మాటలు చెప్పాలని నా కోరిక.

నేను చరిత్రకారిణిని కాను. ఇంగ్లండు వచ్చి నలభై ఏళ్ళు దాటిన గృహిణిని. మన ఇత్తడి, స్టీలు సామాన్లనూ ఇక్కడి పాత వెండిపూత చెంచాలనూ ఒకే అలమరలో సర్దుకుని, అవి ఎక్కడివి, ఎలా వచ్చాయి అని అడుగుతూ చదువుతూ వచ్చినదాన్ని. అలా తెలుసుకున్నదే ఇక్కడ రాస్తున్నాను.

మన వంటింట్లో ఒక్కో పనికి ఒక్కో గరిటె ఉండేది. అన్నానికి వెడల్పాటి హస్తం, పప్పుకూ పులుసుకూ గుంట గరిటె, నూనెలోంచి వడియాలు తీయడానికి చిల్లుల గరిటె, అట్టు తిప్పడానికి అట్లకాడ, మజ్జిగకు ముంత, నేతికి చిన్న గిన్నె, అందులో అంతకంటే చిన్న చెంచా. కొబ్బరిచిప్పకు కర్ర కాడ బిగించిన చిప్పగరిటె ఉంటే ఎంత వేడి పులుసైనా చెయ్యి కాలేది కాదు. ఇవన్నీ ఎవరో కూర్చుని ఆలోచించి గీసిన నమూనాలు కావు. తరతరాల చేతివాటం నుంచి వచ్చిన ఆకారాలు.

ఆ రోజుల్లో లోహమంటే ముఖ్యంగా మూడు. రాగి, రాగిలో తుత్తునాగం కలిపిన ఇత్తడి, రాగిలో తగరం కలిపిన కంచు. తూర్పు గోదావరి జిల్లా అజ్జరం ఇత్తడి సామానుకూ, శ్రీకాకుళం జిల్లా బుడితి కంచు, ఇత్తడి సామానుకూ పేరు పొందాయి. ఐతే రాగికీ ఇత్తడికీ పులుపు పడదు. చింతపండు పులుసో పెరుగో అందులో ఉంచితే లోహం కరిగి చిలుము పడుతుంది, రుచి చెడుతుంది, ఆరోగ్యానికీ హాని. మన వంటంతా పులుపు మీదే నడుస్తుంది కాబట్టి ఇత్తడి గిన్నెకు లోపల కళాయి తప్పనిసరి అయింది.

కళాయి వేసేవాడు వీధిలోకి వచ్చిన రోజు మా తరం పిల్లలకు పండుగే. చిన్న గుంట తవ్వి, బొగ్గులు పోసి, తిత్తితో ఊది గిన్నెను కాల్చేవాడు. నవాసారం చల్లగానే తెల్లటి పొగ లేచేది. తగరం ముక్క తాకించి దూదితో గిర్రున తుడిస్తే నల్లటి గిన్నె లోపల వెండిలా మెరిసేది. తగరం 232 డిగ్రీల సెంటిగ్రేడుకే కరుగుతుంది. అందుకే అతనికి ఆ పని అంత సులువుగా సాగేది. అందుకే మన అమ్మమ్మలు కళాయి గిన్నెను ఖాళీగా పొయ్యి మీద పెట్టనిచ్చేవారు కాదు. వారు చెప్పిన ప్రతి "వద్దు" వెనుకా ఒక కారణం ఉండేది, దాన్ని మాటల్లో చెప్పకపోయినా.

కళాయి ఖర్చు లేని తేలిక లోహంగా అల్యూమినియం వచ్చింది. మద్రాసు స్కూల్ ఆఫ్ ఆర్ట్స్‌లో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ 1898లో అల్యూమినియం పాత్రల తయారీ మొదలుపెట్టించాడు. అప్పట్లో కోస్తా, రాయలసీమ జిల్లాలన్నీ మద్రాసు రాష్ట్రంలోనివే. చవకగా దొరికే ఆ గిన్నెలు క్రమంగా మన ఇళ్ళలో చేరాయి. కానీ పులుపు అల్యూమినియానికీ పడదు. పులుపుకు లొంగని లోహం కోసం మనం మరికొంత కాలం ఆగవలసి వచ్చింది.

ఇక ఉక్కు సంగతి. మన కథా ఈ దేశపు కథా కలిసేది ఇక్కడే. నేటి నిజామాబాద్ జిల్లాలోని కోనసముద్రం ఒకప్పుడు మూసల్లో కరిగించి తీసిన మేలిరకం ఉక్కుకు నెలవు. దాన్ని కొనడానికి పర్షియా వ్యాపారులు అంత దూరం నుంచి వచ్చేవారు. ఐరోపావాళ్ళు ఈ ఉక్కును "వూట్జ్" అన్నారు. ఆ మాట మన తెలుగు, కన్నడ భాషల "ఉక్కు" నుంచే వచ్చిందని పలువురు పండితుల అభిప్రాయం. 1795లో జార్జ్ పియర్సన్ ఈ ఉక్కు మీద లండన్ రాయల్ సొసైటీలో ఒక పత్రం సమర్పించాడు. శస్త్రచికిత్స పరికరాలు చేసే జేమ్స్ స్టోడార్ట్ దాన్ని ఎంతో మెచ్చుకున్నాడు. ఆయనతో కలిసి మైకేల్ ఫారడే, విద్యుత్తు పరిశోధనలతో జగత్ప్రసిద్ధుడైన ఆ ఫారడేయే, వూట్జ్ రహస్యం తెలుసుకోవాలని ఉక్కులో రకరకాల లోహాలు కలిపి చూశాడు. వారి పత్రాలు 1820లో, 1822లో వెలువడ్డాయి. వారు కలిపి చూసిన లోహాల్లో క్రోమియం కూడా ఉంది. కొన్ని మిశ్రమాలను పెద్ద ఎత్తున కరిగించే పని షెఫీల్డ్‌లో జరిగింది.

ఇది చదివి స్టెయిన్‌లెస్ స్టీలు మనవాళ్ళే కనిపెట్టారని ఎవరూ పొంగిపోవద్దు. మన ఉక్కు తుప్పు పట్టే ఉక్కే. దాని గొప్పతనం పదునులో, గట్టిదనంలో ఉంది. కాని ఉక్కులో ఇంకేదైనా కలిపితే ఏమవుతుంది అన్న ప్రశ్న ఈ దేశపు శాస్త్రజ్ఞులకు తట్టడంలో మన కమ్మరి కొలిమికి వాటా ఉంది. అంతవరకు నిస్సంకోచంగా చెప్పుకోవచ్చు.

షెఫీల్డ్ కత్తులకూ చెంచాలకూ పాత పేరు. అక్కడి కత్తుల పనివారి సంఘం 1624లోనే ఏర్పడింది. 1743లో థామస్ బోల్సోవర్ అనే ఆయన రాగి మీద వెండి రేకును వేడితో అతికించే పద్ధతి కనిపెట్టడంతో మధ్యతరగతి ఇళ్ళకు కూడా వెండి తళుకు అందింది. 1840లో బర్మింగ్‌హామ్‌కు చెందిన ఎల్కింగ్టన్ కుటుంబం విద్యుత్తుతో వెండిపూత వేసే పద్ధతికి పేటెంటు తీసుకుంది. రాగి, నికెల్, తుత్తునాగం కలిపిన లోహం మీద ఆ పూత వేసేవారు. మనం జర్మన్ సిల్వర్ అని పిలిచేది ఈ లోహాన్నే. పేరులో తప్ప అందులో వెండి రవ్వంత కూడా లేదు.

ఇదే సమయంలో ఇంగ్లీషువారి వడ్డన పద్ధతి కూడా మారింది. అంతకు ముందు వంటకాలన్నీ ఒకేసారి బల్ల మీద పరిచి, ఎవరికి వారు తీసుకుంటూ పక్కవారికి అందించేవారు. పందొమ్మిదో శతాబ్దం మధ్య నుంచి రష్యా పద్ధతి వ్యాపించింది. ఒకదాని తర్వాత ఒకటిగా వంటకాలు రావడం, పరిచారకులు ఒక్కొక్కరి దగ్గరికి వెళ్ళి అందించడం. మన పంక్తి భోజనంలో వరుసగా పప్పు, కూర, పులుసు వచ్చినట్టే! తేడా ఒక్కటే. అక్కడ వడ్డించినవారు నౌకర్లు, మన ఇళ్ళలో వడ్డించేది ఇంటివాళ్ళే.

1913లో అసలు మలుపు వచ్చింది. షెఫీల్డ్‌లోని బ్రౌన్ ఫర్త్ పరిశోధనశాలలో హ్యారీ బ్రేర్లీ తుపాకి గొట్టాలు త్వరగా అరిగిపోకుండా ఉండే ఉక్కు కోసం వెతుకుతున్నాడు. సుమారు 12.8 శాతం క్రోమియం కలిపిన ఉక్కు ఆమ్లాలకు లొంగడం లేదని గమనించి, ఇది భోజనాల బల్లకు పనికివస్తుందని గ్రహించాడు. కత్తుల కర్మాగారంలో పనిచేసే ఎర్నెస్ట్ స్టూవర్ట్ దాన్ని వెనిగర్‌తో పరీక్షించి మరక పడలేదని "స్టెయిన్‌లెస్" అన్నాడు. ఆ పేరే నిలిచింది. జర్మనీలో క్రుప్ సంస్థ 1912లోనే క్రోమియంతో నికెల్ కూడా కలిపిన ఉక్కుకు పేటెంటు తీసుకుంది కాబట్టి, ఈ ఘనత ఏ ఒక్కరిదో అనడానికి లేదు. 1924లో షెఫీల్డ్‌లోనే హాట్‌ఫీల్డ్ అనే ఆయన 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉన్న రకం తయారుచేశాడు. మన ఇళ్ళలోని మంచి స్టీలు గిన్నెలు చాలావరకు ఆ వంశానివే.

ఆ చెంచాలకు మెరుగు పెట్టినవారు షెఫీల్డ్ ఆడపిల్లలు. ఒంటికి కాగితాలు చుట్టుకుని, తలకు గుడ్డ కట్టుకుని, దుమ్ములో నిలబడి యంత్రం మీద రోజంతా మెరుగు పెట్టేవారు. వారి ఫొటోలు చూసినప్పుడల్లా నాకు పెరట్లో చింతపండు, బూడిద ముందు పెట్టుకుని ఇత్తడి తోముతున్న మన ఆడవాళ్ళే కనబడతారు. ఏ దేశంలోనైనా ఆ మెరుపు వెనుక ఉన్నది ఆడవారి రెక్కల కష్టమే.

స్టీలు మన ఇళ్ళలోకి వచ్చింది ప్రధానంగా 1960, 70 దశకాల్లో. పాత జరీ చీరలు, ప్యాంట్లు ఇచ్చి గిన్నె తీసుకునే బేరం మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. కళాయి అక్కరలేదు, పులుపు భయం లేదు, సబ్బుతో తోమితే చాలు. ఇత్తడి అటకెక్కింది, కళాయివాడు వీధిలోకి రావడం మానేశాడు. ఆ స్టీలే మన పెట్టెల్లో సర్దుకుని ఈ దేశానికి వచ్చింది. షెఫీల్డ్‌లో పుట్టిన లోహం ప్రపంచం చుట్టి మన సామానుతో తిరిగి ఇంగ్లండు చేరిందన్నమాట!

ఇప్పుడు కొనేవారికీ, ఉన్నవి కాపాడుకునేవారికీ నాకు తెలిసిన కొన్ని సూచనలు.

వడ్డన గరిటె కొనేటప్పుడు చేతిలో పట్టుకుని చూడండి. కాడ మరీ బరువైతే గరిటె గిన్నెలోంచి తిరగబడుతుంది, మరీ పొట్టిదైతే పులుసులో మునిగిపోతుంది. కాడ, గుంట కలిసే చోట సందు ఉంటే మురికి చేరుతుంది. అంచు మీద వేలు నడిపితే గరుకు తగలకూడదు. అడుగున 18/8 లేదా 18/10 అని ఉంటే నికెల్ కలిసిన రకం. దానికి సాధారణంగా అయస్కాంతం అంటుకోదు. అంటుకున్నంత మాత్రాన పనికిరానిదని కాదు, తుప్పును కాస్త తక్కువగా తట్టుకుంటుందని అర్థం.

స్టీలుకు శత్రువు ఉప్పు. ఆవకాయ, ఊరగాయలు స్టీలు గిన్నెలో నిల్వ ఉంచితే సన్నని గుంటలు పడతాయి. వాటికి జాడీయే మేలు. వడ్డించాక గరిటెను రాత్రంతా పులుసులో వదలకండి, బ్లీచు తగలనివ్వకండి.

ఇత్తడి గరిటెను చింతపండుతోనో నిమ్మచెక్కతోనో తోమి, వెంటనే బాగా కడిగి, పొడిగుడ్డతో తుడవాలి. యంత్రంలో వేయకూడదు. లోపల కళాయి పోయి అసలు లోహం కనిపిస్తే పులుపు వంటకాలకు వాడవద్దు. ఫ్రెంచి రాగి పాత్రలకు తగరం పూత వేసేవారు ఈ దేశంలో కూడా ఉన్నారు, వారిని అడగవచ్చు. కర్ర గరిటెను నీళ్ళలో నానబెట్టకుండా కడిగి ఆరబెట్టి, అప్పుడప్పుడు కాస్త వంటనూనె రాస్తే పగలదు.

ఇక్కడి పాత దుకాణాల్లో వెండి చెంచా కనిపిస్తే ముందు దాని మీది ముద్రలు చదవండి. నడుస్తున్న సింహం గుర్తు ఉంటే 92.5 శాతం వెండి. లంగరు ఉంటే బర్మింగ్‌హామ్‌లో పరీక్షించినది, కిరీటం ఉంటే షెఫీల్డ్‌లో. షెఫీల్డ్ వారు 1975 నుంచి కిరీటానికి బదులు గులాబీ వాడుతున్నారు. సింహం లేకుండా ఇ.పి.ఎన్.ఎస్. అన్న అక్షరాలుంటే అది వెండిపూత మాత్రమే. గట్టిగా రుద్దితే పూత పోతుంది. గుడ్డు, ఉల్లి తగిలితే వెండి నల్లబడుతుంది కాబట్టి వాడిన వెంటనే కడగాలి.

ముద్రల మాట వచ్చింది కాబట్టి అసలు చెప్పదలచుకున్నది చెబుతాను. ఇంగ్లీషువారి చెంచా మీద ముద్ర ఉన్నట్టు మన గిన్నె మీద పేరు ఉంటుంది. కొన్న రోజునే దుకాణంలో కొట్టించిన పేరు, తేదీ, ఒక్కోసారి ఇచ్చినవారి పేరు. మా అమ్మమ్మ పేరు రాసి ఉన్న వస్తువు నేను చూసినది ఒక్కటే, ఒక ఇత్తడి గిన్నె. ఆస్తి కాగితాల మీద తాతయ్య పేరుంది, వంశవృక్షంలో కొడుకుల పేర్లున్నాయి. గిన్నె అంచు మీద మాత్రం చుక్కల అక్షరాలతో ఆవిడ పేరుంది. ఆవిడకు చదువు రాదు. ఆ చుక్కలను వేలితో తడిమి "ఇది నాది" అనేది. ఎన్నో ఇళ్ళలో ఆడవారి పేర్లు మిగిలింది ఇలాంటి అంచుల మీదే.

ఈమధ్య మనలో పలువురు చిన్న ఇళ్ళకు మారుతున్నారు. పిల్లలకు అక్కరలేదని పాత సామాను పెట్టెలకు పెట్టెలు ధర్మ దుకాణాలకు ఇచ్చేస్తున్నారు. ఇవ్వవద్దని నేను అనను, అన్నీ దాచుకోవడం ఎవరికీ సాధ్యం కాదు. ఇచ్చేముందు ఒక్కసారి అంచులు చదవండి. పేరు, తేదీ, ఆమె మీకేమవుతుందో ఒక కాగితం మీద రాసి పెట్టండి. తెలుగు చదవడం రాని పిల్లలకు పక్కన కూర్చుని చదివి చెప్పండి.

ఇంకొక మనవి. ఇంగ్లండులో 2023 అక్టోబరు 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ చెంచాలను, ఫోర్కులను నిషేధించారు. మన సంఘం భోజనాలకు ఇదొక మంచి అవకాశం. ఇంటికి ఒక స్టీలు గరిటె చొప్పున, దాని మీద ఆ ఇంటి పెద్దావిడ పేరు కొట్టించి ఇస్తే, సంఘానికి తరతరాలు నిలిచే వడ్డన సామాను ఏర్పడుతుంది. మొదటి గరిటె నేనిస్తాను. దాని మీద మా అమ్మమ్మ పేరు ఉంటుంది.

సభ్యులందరికీ ఉగాది శుభాకాంక్షలు.