27 ఓట్ల చరిత్ర

కొన్నేళ్ల కిందట మా నియోజకవర్గంలో ఒకావిడ స్వతంత్ర అభ్యర్థిగా నిలబడింది. సారా వ్యతిరేక ఉద్యమం నాటి నుంచీ ఊళ్లలో తిరిగి పనిచేసిన మనిషి. పోలింగ్‌కి బయల్దేరుతుంటే అమ్మ, ‘ఆవిడ మంచిదేనే, కానీ గెలవదుగా. ఓటు మురగబెట్టుకోవడం ఎందుకు?’ అంది. నేను మురగబెట్టుకోలేదు. గెలుస్తాడనుకున్న వాడికే వేసి వచ్చాను. స్త్రీల రాజకీయ భాగస్వామ్యం మీద సదస్సుల్లో పత్రాలు చదివే నేను ఈ సంగతి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పుకోలేదు. టిక్కెట్ల పంపకం వేళ మన పార్టీలు వాడే ‘గెలుపు గుర్రం’ అనే మాట నా వేలి మీద సిరాచుక్క దాకా ఎలా వచ్చిందా అని ఆలోచిస్తున్న రోజుల్లోనే 1964 నాటి అమెరికన్ రిపబ్లికన్ పార్టీ చరిత్ర చదివాను.

ఆ చరిత్రని మామూలుగా ఇలా చెబుతారు. అధ్యక్ష అభ్యర్థిని ఎంచుకోవడంలో ఆ ఏడాది పార్టీ రెండుగా చీలింది. ఒకవైపు, సంప్రదాయవాద సిద్ధాంతంలో రాజీపడని అరిజోనా సెనేటర్ బారీ గోల్డ్‌వాటర్. మరోవైపు, మధ్యేవాదుల ఓట్లు కూడా తెచ్చి పార్టీని గెలిపిస్తాడని పేరున్న న్యూయార్క్ గవర్నర్ నెల్సన్ రాక్‌ఫెలర్. పార్టీ సిద్ధాంతాన్నే ఎంచుకుంది. నవంబర్‌లో లిండన్ జాన్సన్ చేతిలో చిత్తుగా ఓడింది. గోల్డ్‌వాటర్‌కి దక్కినవి 6 రాష్ట్రాలు, 38.5 శాతం ఓట్లు. కానీ ఆ ఎన్నికల్లో ఆయన తరఫున టీవీలో ప్రసంగించిన రొనాల్డ్ రీగన్ 1980లో అధ్యక్షుడిగా గెలిచాడు. కాబట్టి సిద్ధాంతం కోసం ఓడిపోవడం విత్తనం నాటడం లాంటిదని ఈ కథకి నీతి. ఇద్దరు ముగ్గురు మగవాళ్లతో కథ ముగిసిపోతుంది.

ఇందులో ఆడవాళ్లెక్కడున్నారని వెతికితే మొదట రాక్‌ఫెలర్ ఇంట్లోనే కనిపిస్తారు. ఆయన 1962లో విడాకులు తీసుకుని మరుసటి ఏడు మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. రెండో భార్య కూడా విడాకులు తీసుకున్న మనిషే, నలుగురు పిల్లల తల్లి. పిల్లల్ని వదిలి వచ్చిన తల్లి అన్న మాట ఎన్నికల్లో ఆయన్ని వెంటాడింది. కీలకమైన కాలిఫోర్నియా ప్రైమరీ జూన్ 2న. మే 30న ఆ దంపతులకి కొడుకు పుట్టాడు. పాత గొడవంతా మళ్లీ పేపర్ల కెక్కింది. గోల్డ్‌వాటర్ స్వల్ప ఆధిక్యంతో గెలిచాడు. గెలుపు గుర్రం అన్న పేరు ఒక ప్రసవంతో కుంటుపడిందంటే, ఆ పేరులో ఎన్ని ఇళ్ల నీతులు, ఎంతమంది ఆడవాళ్ల నడవడి మీద తీర్పులు కలిసి ఉంటాయో మనం ఊహించుకోవచ్చు.

అదే ప్రైమరీల్లో మూడో పేరు కూడా ఉంది. మెయిన్ రాష్ట్ర సెనేటర్ మార్గరెట్ చేజ్ స్మిత్. అమెరికా కాంగ్రెస్ ఉభయసభల్లోనూ పనిచేసిన మొదటి స్త్రీ. జోసెఫ్ మెకార్తీ కమ్యూనిస్టుల వేట పేరుతో అందరినీ హడలెత్తిస్తున్న రోజుల్లో, 1950 జూన్ 1న, అతని పేరెత్తకుండానే సెనేట్‌లో ఆ ధోరణిని ఎండగట్టింది. మెకార్తీది తన పార్టీయే. భయం, మూర్ఖత్వం, దురభిమానం, బురదజల్లుడు వీటి మీద స్వారీ చేసి తన పార్టీ గెలవడం తనకిష్టం లేదని చెప్పింది. గెలుపుకీ విలువలకీ మధ్య తేల్చుకోవలసి వచ్చినప్పుడు ఆమె ఎటు నిలబడిందో అప్పుడే రుజువైంది.

1964 జనవరి 27న వాషింగ్టన్‌లో మహిళా పాత్రికేయుల క్లబ్బులో ఆమె చేసిన ప్రకటనని సాహిత్య విద్యార్థిగా నేను పదేపదే చదివాను. పోటీ చెయ్యడానికి కారణాలు ముందు చెప్పింది. వద్దనడానికి కారణాలు తర్వాత చెప్పింది. గెలిచే ఆశ లేదు, డబ్బు లేదు, సంస్థాబలం లేదు, ఆడదాని ఒళ్లు ఆ శ్రమకి తట్టుకోదు. వద్దనే కారణాలే బలంగా ఉన్నాయి కాబట్టి పోటీ చేస్తున్నానంది! తనని వెనక్కి లాగే వాదనలన్నీ తన నోటితోనే చదివి, వాటినే కారణాలుగా మార్చుకుంది. తర్వాత ప్రచారానికి పంపిన విరాళాలు తిప్పి పంపించింది. సెనేట్‌లో ఓటింగ్ మానలేదు. అయినా ఇల్లినాయ్ ప్రైమరీలో దాదాపు నాలుగోవంతు ఓట్లు వచ్చాయి. జూలైలో శాన్‌ఫ్రాన్సిస్కో మహాసభలో, ఒక ప్రధాన పార్టీ అధ్యక్ష అభ్యర్థిత్వానికి ప్రతిపాదన పొందిన మొదటి స్త్రీ అయింది. గోల్డ్‌వాటర్‌కి 883 ఓట్లు, ఆమెకి 27.

ఆ రెండు అంకెల మధ్య ఇంకో ఓటు ఉంది. మహాసభకి నెల ముందు, జూన్ 19న, పౌరహక్కుల బిల్లు సెనేట్‌లో నెగ్గింది. స్మిత్ అవునంది. రాజ్యాంగ సూత్రం పేరు చెప్పి గోల్డ్‌వాటర్ కాదన్నాడు. నవంబర్‌లో ఆయనకి సొంత రాష్ట్రం కాక దక్కిన అయిదూ, నల్లవాళ్లని ఓటుకి దూరంగా ఉంచిన దక్షిణాది రాష్ట్రాలే. సిద్ధాంతానికి కట్టుబడ్డాడని ఒకరిని మెచ్చుకునే ముందు అది ఎవరి మెడ మీద కాలు పెట్టే సిద్ధాంతమో అడగాలి కదా.

ఇక్కడ ఇబ్బందిపెట్టే మనిషి ఫిలిస్ ష్లాఫ్లీ. ఇల్లినాయ్ రిపబ్లికన్ మహిళల సమాఖ్య నాయకురాలు, ఆరుగురు పిల్లల తల్లి. గెలిచే అభ్యర్థి పేరుతో తూర్పుతీరపు పెద్దలు కొందరు ప్రతిసారీ మెతకవాళ్లని పార్టీ నెత్తిన రుద్దుతున్నారంటూ 1964లో ఒక పుస్తకం సొంతంగా అచ్చువేసింది. అది లక్షల ప్రతులు పోయింది. గోల్డ్‌వాటర్ ఓటమి తర్వాత మితవాదం తగ్గించుకోవాలనుకున్న నాయకత్వం, 1967లో జాతీయ మహిళా సమాఖ్య అధ్యక్ష పదవికి ఆమెకి అడ్డుపడింది. ఓడిపోయింది. 1970లో కాంగ్రెస్‌కి నిలబడితే ప్రత్యర్థి ఆమెని ఇంట్లో పిల్లల్ని చూసుకోమన్నాడు. ఆ ఎన్నికలోనూ ఓడింది. ఆ తర్వాత ఆమె తన బలగాన్నంతా సమానహక్కుల సవరణ మీదికి నడిపించింది. స్మిత్ సమర్థించిన సవరణే అది. 1940 నుంచి రిపబ్లికన్ పార్టీ తన ప్రణాళికలో పెట్టుకున్న ఆ హామీని 1980లో తీసేసింది. 38 రాష్ట్రాల ఆమోదం కావలసిన సవరణ 35 దగ్గర ఆగి, 1982లో గడువు దాటిపోయింది.

ఆడది ఇంట్లో ఉండాలన్న మాట తన మీదే ప్రయోగించినవాళ్ల పక్షాన ఆమె ఎందుకు నిలబడిందన్నది వేరే వ్యాసం. నాకు తోచిందొకటే. ‘గెలవదు’ అన్న మాట ఈ ఇద్దరు స్త్రీలకీ ఒకేలా తగిలింది, వాళ్ల నమ్మకాలు ఎంత ఎదురెదురుగా ఉన్నా. గోల్డ్‌వాటర్ ఓటమిని చరిత్రకారులు పెట్టుబడిగా లెక్కరాశారు. స్మిత్ ఓటమి విశేషాల పట్టికలో ‘మొదటి స్త్రీ’గా మిగిలింది. మన దగ్గరా 1996లో మహిళా రిజర్వేషన్ బిల్లు వచ్చింది మొదలు 2023లో చట్టమయ్యే దాకా, గెలిచే ఆడవాళ్లు దొరకడం లేదన్న మాట ఎన్నిసార్లు విన్నామో!

మా నియోజకవర్గంలో ఆవిడకి కొద్ది వందల ఓట్లే వచ్చాయి. ‘చూశావా, గెలవదని చెప్పలేదూ’ అన్నారందరూ. ఆ జోస్యం నిజం కావడానికి నేనూ ఒక ఓటు సాయం చేశాను. మొన్న అమ్మకి స్మిత్ కథ చెప్పాను. శ్రద్ధగా విని, ‘27 మందైనా వేశారన్నమాట’ అంది.