కారు సీటు మరక, చాకలి బాన: మన కామారెడ్డి కథ

2025 ఆగస్టు 27, 28 తేదీలు మన కామారెడ్డి వాళ్లు మర్చిపోరు. రాజంపేట మండలం అర్గొండలో 40 సెంటీమీటర్లు దాటి వాన పడింది. టౌన్‌లో కాలనీలు మునిగినయి, కార్లు కొట్టుకుపోయినయి. ఆ వీడియోలు మీరందరూ చూసే ఉంటారు. నీళ్లు తగ్గినాక మిగిలిన పనిని మాత్రం ఎవరూ వీడియో తీయలేదు. అదే, గుడ్డ సీట్లకు పట్టిన బురద వదిలించుడు. "అన్నా, డబ్బులు పెట్టి సర్వీసింగ్ చేయించే పరిస్థితి లేదు, ఇంట్లోనే మరక పోగొట్టొచ్చా?" అని మస్తు మంది అడిగిన్రు.

పోగొట్టొచ్చు. అయితే ఆ పద్ధతి అర్థం కావాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

సర్ఫ్ మన దేశంలోకి వచ్చింది 1959లో. నిర్మా 1969లో. అంతకుముందు కామారెడ్డిలో గానీ ఎల్లారెడ్డిలో గానీ బట్టలు మురికిగా ఏం లేవు కదా! అప్పటి డిటర్జెంట్ పేరు సౌడు. పుస్తకాల్లో చౌడు అని రాస్తారు, మా అమ్మమ్మ సౌడు మన్ను అనేది. నీళ్లు నిలిచి ఎండిపోయిన నేల మీద తెల్లగా పొరలా తేలుతుంది చూడండి, అదే. అందులో సోడియం కార్బొనేట్, బైకార్బొనేట్ ఉంటయి. అంటే బట్టల సోడా, వంట సోడా రెండూ ఆ మట్టిలోనే ఉన్నట్టు. 1791లో ఫ్రాన్స్‌లో లెబ్లాంక్ అనే ఆయన ఉప్పు నుంచి సోడా తీసే పద్ధతికి పేటెంట్ తీసుకున్నడు. మన దగ్గర అది చెరువు పక్కన ఫ్రీగా దొరికేది.

చాకలి వాళ్ల ప్రాసెస్ చూస్తే, బీటెక్‌లో మాకు చెప్పిన కెమిస్ట్రీ కన్నా క్లియర్‌గా ఉంటది. నూలు బట్టలను సౌడు నీళ్లలో ముంచి, బాన మీద పేర్చి, కింద మంట పెట్టి ఆవిరి పట్టిస్తరు. దీన్నే ఉబ్బకు వేయడం అంటరు. క్షారానికి వేడి తోడైతే నూనె జిడ్డు కొంతవరకు సబ్బుగా మారిపోతది. ఆ తర్వాత చెరువులో బండ మీద ఉతుకుడు, ఎండలో ఆరబెట్టుడు. పట్టు చీర వచ్చిందనుకోండి, సౌడు జోలికే పోరు. దానికి కుంకుడు రసం, నీడలో ఆరబెట్టుడు. పట్టు దారాన్ని క్షారం పాడుచేస్తది, కుంకుడు రసంలో క్షారం ఉండదు.

ఇంకో మాట. ఎవరి బట్ట ఎవరిదో తెలియడానికి నల్లజీడి గింజ రసంతో గుర్తు పెట్టేవాళ్లు. ఎన్ని ఉబ్బలకు వేసినా ఆ గుర్తు పోదు. మరకలు తీసే మనిషి చేతిలోనే పోని మరక కూడా ఉండేదన్నమాట. నాకు ఈ సబ్జెక్ట్‌లో అన్నిటికన్నా నచ్చింది ఇదే.

కానీ ఈ నైపుణ్యానికి దక్కిన కూలి సంగతి మాట్లాడకపోతే అన్యాయం. నిజాం కాలంలో తెలంగాణ పల్లెల్లో దొర ఇంటి బట్టలు, ఊరికి వచ్చిన అధికారుల బట్టలు ఉతకడం వెట్టి. పైసా లేదు. మిగతా ఇళ్ల నుంచి పంటల మీద ఇంత గింజలు వచ్చేవి, అంతే. పాలకుర్తిలో విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురు తిరిగి తన పొలాన్ని కాపాడుకున్న చాకలి ఐలమ్మది ఈ కులమే. 2024లో కోఠి మహిళా యూనివర్సిటీకి ఆమె పేరు పెట్టిన్రు. మనం "ఇంటి చిట్కా" అని రీల్స్ చేసుకునే చాలా విషయాలు ఒకప్పుడు ఆ రేవుల్లో జీతం లేకుండా చేసిన పనులే.

సరే, ఇప్పుడు కారు సీటు దగ్గరికి వద్దాం. పాత కార్లలో చాలావరకు రెక్సిన్ సీట్లు, తడిగుడ్డతో తుడిస్తే అయిపోయేది. ఇప్పటి గుడ్డ సీట్లు ఎక్కువగా పాలిస్టర్. 1941లో ఇంగ్లండ్‌లో విన్‌ఫీల్డ్, డిక్సన్ కనిపెట్టిన దారం అది. నీళ్లను పీల్చదు, నూనెను మాత్రం గట్టిగా పట్టుకుంటది. దాని కింద స్పాంజి. సౌడు పద్ధతి అంతా బాగా జాడించడం మీద నడుస్తది. సీటును చెరువులో జాడించలేం కదా! అందుకే వంట సోడా, సర్ఫ్ ఎక్కువ పోస్తే అది స్పాంజిలోనే మిగిలి, తెల్లగా తేలి, మళ్లీ దుమ్మును పట్టుకుంటది. వంట సోడాలో వెనిగర్ కలిపే రీల్స్ నమ్మకండి, రెండూ ఒకదాన్నొకటి చంపుకుంటయి, బుస్సుమనే నురగే మిగులుతది.

కాబట్టి సీటును పట్టు చీరలాగా చూసుకోండి. బురదను తడిగా ఉన్నప్పుడు రుద్దొద్దు. పూర్తిగా ఎండనిచ్చి, బ్రష్‌తో దులిపి, వాక్యూమ్ పెట్టండి. తర్వాత కుంకుడు రసం గిలక్కొట్టి పైన నురగ మాత్రమే తీసుకోండి, అందులో నీళ్లు తక్కువ. ముందు సీటు కింద కనబడని చోట పెట్టి చూడండి, లేత రంగు గుడ్డకు కుంకుడు రంగు అంటొచ్చు. మరక అంచు నుంచి లోపలికి అద్దుతూ పోండి, పొడి గుడ్డతో పీల్చండి. చాయ్ మరకకు నిమ్మరసం నీళ్లు కలిపి. రక్తానికి చల్లనీళ్లే, వేడి వద్దు.

బిర్యానీ పసుపు మరక వేరే కథ. దానికి సబ్బు, సోడా తగిలితే ఎర్రగా మారుతది, పెళ్లిళ్లప్పుడు చూసే ఉంటరు. జిడ్డు తీసేసి ఎండ తగిలేటట్టు కారు పెట్టండి. పసుపు రంగు ఎండకు తట్టుకోలేదు, రెండు మూడు రోజుల్లో పాలిపోతది.

వరద నీళ్లలో పూర్తిగా మునిగిన సీటుకు మాత్రం ఈ చిట్కాలు చాలవు. పైన ఆరినట్టు కనబడ్డా లోపల స్పాంజి కుళ్లుతది. సీటు ఊడదీసి ఆరబెట్టాలి. అయితే సీటు కింద ఎయిర్‌బ్యాగ్ వైర్లు ఉండొచ్చు, మెకానిక్ లేకుండా ముట్టొద్దు. మోరీ నీళ్లు పట్టిన స్పాంజి అయితే మార్చేయడమే.

ఎల్లారెడ్డి వైపు మీ ఇంట్లో పెద్దవాళ్లుంటే సౌడు ఏ చెరువు దగ్గర నుంచి తెచ్చేవాళ్లో అడిగి నాకు రాయండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో ఆ చెరువుల దగ్గరికే పోదాం.